కత్తెర లేని కోత

కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంతో 1957లో వచ్చిన ‘మాయాబజార్’ బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది. ఎత్తు ఒక అడుగు అనుకుంటే వెడల్పు ఒక అడుగు నాలుగంగుళాల పైచిలుకు. ఆనాటి తెలుగు సినిమాల కొలతా అదే, 1.37. ఆ చిత్రానికి రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేసినప్పుడు బొమ్మను స్కోప్ తెరకు సరిపడేలా మార్చారు. స్కోప్ కొలత 2.35. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడాలి. పైనా కిందా కోసి స్కోప్ ఆకారానికి తేవాలంటే ఎత్తులో 42 శాతం పోతుంది. కోయకుండా అడ్డంగా సాగదీస్తే ప్రతి పాత్రా ఉన్నదానికంటే 1.7 రెట్లు వెడల్పవుతుంది. రెండూ వద్దనుకుంటే ఇరుపక్కలా కలిపి తెరలో 42 శాతం ఖాళీ వదలాలి. ఖాళీ కూడా ఉండకూడదంటే ఆ మేరకు ఎవరో ఒకరు కొత్తగా గీసి నింపాలి. ఒక దీర్ఘచతురస్రాన్ని వేరే ఆకారపు దీర్ఘచతురస్రంలో పట్టించడానికి ఈ దారులూ, వీటి కలగలుపులూ తప్ప మరొకటి లేదు. కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేసినా, ప్రోగ్రాము ఎంత తెలివైనదైనా ఈ లెక్క మారదు.

అందుకే ‘కత్తిరించకుండా బొమ్మ నిష్పత్తి మార్చుకోవచ్చు’ అనే హామీని సగం సమాధానంగానే తీసుకోవాలి. ఏ నష్టం జరగదో అది చెబుతుంది. దాని బదులు ఏ నష్టం జరిగిందో చెప్పదు. అంచులు భద్రంగా ఉన్నాయి కాబట్టి బొమ్మ భద్రంగా ఉందని మనం అనుకుంటాం. ఆ అనుకోవడంలోనే పొరపాటు ఉందని ఈ అధ్యాయంలో నేను వాదించబోతున్నాను. ఆకారం మార్చే ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలతో తూచాలి. చేసిన మార్పును తిరిగి విప్పి అసలు బొమ్మను రాబట్టగలమా? రాబట్టలేకపోతే, మార్పు జరిగిందన్న సంగతైనా చూసేవాళ్లకు తెలుస్తుందా? ఈ రెండిటికీ ‘లేదు’ అని జవాబిచ్చే పద్ధతి అంచున ఒక్క పిక్సెల్ కూడా కోయకపోయినా నా దృష్టిలో కోతే. అది కంటికి కనపడదు కాబట్టి మామూలు కోతకంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సిన కోత.

అన్నిటికంటే తేలికైన దారి సాగదీయడం లేదా నొక్కడం. అడ్డం కొలతను ఒక అంకెతో, నిలువు కొలతను వేరొక అంకెతో గుణిస్తే పని అయిపోతుంది. పరీక్షల దరఖాస్తుల్లో దీని ఫలితం తరచుగా కనిపిస్తుంది. ఫోన్లో తీసిన చదరపు ఫోటోను 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టెలోకి నొక్కి పంపిస్తే వెడల్పు ఎత్తుతో పోలిస్తే 22 శాతం తగ్గుతుంది. అంచున చెవి కూడా పోలేదు, వెనకున్న తెల్ల గోడ కూడా పోలేదు. కానీ రెండు కళ్ల మధ్య దూరం తగ్గింది, ముక్కు నుంచి గడ్డం దాకా ఉన్న దూరం మాత్రం తగ్గలేదు. ఈ దూరాల పొందికే ఒక ముఖాన్ని ఇంకో ముఖం నుంచి వేరు చేస్తుంది. 4:3 కొలతలో తీసిన పాత కార్యక్రమాన్ని 16:9 టీవీ నిండా సాగదీసినప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది. మనుషులు మూడో వంతు వెడల్పెక్కుతారు, బండి చక్రాలు అండాకారంలో తిరుగుతాయి. కొన్ని టీవీలు దీనికి ఒక ఉపాయం పన్నాయి. తెర మధ్యభాగాన్ని దాదాపు అలాగే ఉంచి, పక్కలను మాత్రమే ఎక్కువగా సాగదీస్తాయి. వార్తలు చదివే మనిషి కదలకుండా మధ్యలో కూర్చున్నంతసేపూ అది బాగానే ఉంటుంది. కెమెరా పక్కకి తిరిగిందా, అదే మనిషి అంచు దగ్గర లావుగా, మధ్యకు వచ్చేసరికి సన్నగా, అటువైపుకు పోయేసరికి మళ్లీ లావుగా కనిపిస్తాడు.

అయితే సాగదీయడాన్ని మొత్తంగా తీసిపారేయడం తప్పు. సినిమా చరిత్రలో అత్యంత విజయవంతమైన ఆకార మార్పిడి సాగదీయడమే. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియాఁ 1920లలో ‘హైపర్‌గొనార్’ అనే కటకాన్ని రూపొందించాడు. విశాలమైన దృశ్యాన్ని అది అడ్డంగా సగానికి నొక్కి మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై పడేస్తుంది. ప్రొజెక్టరు ముందు దానికి విరుగుడు కటకం పెడితే నొక్కిన బొమ్మ మళ్లీ రెండింతలు విచ్చుకుంటుంది. ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్ సంస్థ ఆ హక్కులు కొని, సినిమాస్కోప్ అని పేరు పెట్టి, 1953లో ‘ది రోబ్’ చిత్రంతో లోకానికి చూపించింది. హిందీలో 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’తో, తెలుగులో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’తో అది మన తెరలకు వచ్చింది. ఫిల్ముముక్కను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూస్తే అందులో మనుషులు పోచల్లా సన్నగా ఉంటారు. తెరమీద మాత్రం ఏ లోపమూ ఉండదు. మడతపెట్టిన చీర విప్పితే మళ్లీ నిండు చీరే అయినట్టు, ఇక్కడ ఆకారం మారిందే తప్ప సమాచారం పోలేదు. మడతకూ విప్పుకూ లెక్క సరిగ్గా కుదరాలి, అంతే. తొలినాటి కటకాల్లో ఆ లెక్క కుదరలేదు. మనిషి కెమెరాకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు అవి రెండింతలకంటే తక్కువ నొక్కేవి. ప్రొజెక్టరు మాత్రం ఎప్పటిలాగే సరిగ్గా రెండింతలు విప్పేది. దాంతో క్లోజప్‌లో నటీనటుల బుగ్గలు ఉబ్బి కనిపించేవి. హాలీవుడ్ వాళ్లు దానికి గవదబిళ్లల జబ్బు పేరే పెట్టారు. 1950ల చివర పానవిజన్ సంస్థ కటకాలు వచ్చాకే ఆ జబ్బు నయమైంది. డీవీడీలు కూడా ఇదే కిటుకు వాడుకున్నాయి. మన దేశంలో చెల్లే పాల్ పద్ధతి డీవీడీలో ఫ్రేముకు 720 నిలువు వరుసలు, 576 అడ్డు వరుసల పిక్సెళ్లు ఉంటాయి. అవే పిక్సెళ్లను 4:3గా విప్పాలా 16:9గా విప్పాలా అన్నది ఫైలులో ఉన్న ఒక చిన్న గుర్తు చెబుతుంది. గుర్తు సరిగా ఉంటే బొమ్మ సరిగా ఉంటుంది. గుర్తు తప్పైనా సరిదిద్దుకోవడానికి ఒక్క అంకె మారిస్తే చాలు.

ఇక అసలైన తెలివితేటలు చూపించిన పద్ధతికి వద్దాం. 2007లో షాయ్ అవిదాన్, అరియెల్ షమీర్ అనే ఇద్దరు ఇజ్రాయెలీ పరిశోధకులు కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగంలో పెద్ద సభ అయిన సిగ్గ్రాఫ్‌లో ‘సీమ్ కార్వింగ్’ అనే పద్ధతిని ప్రకటించారు. మరుసటి ఏడాదే అది ఫోటోషాప్ సీఎస్4లోకి వచ్చేసింది. వాళ్ల ఆలోచన చాలా అందమైనది. బొమ్మలో అన్ని పిక్సెళ్లకూ ఒకే విలువ ఉండదు. మబ్బులేని ఆకాశంలో ఒక పిక్సెల్ తీసేస్తే ఎవరికీ తెలియదు, కంటిపాప అంచున తీసేస్తే వెంటనే తెలుస్తుంది. ప్రతి పిక్సెల్‌కూ దాని ఇరుగుపొరుగులతో ఎంత తేడా ఉందో కొలిచి ఒక అంకె వేస్తారు. దాన్ని ఎనర్జీ అంటారు. వెడల్పు ఒక పిక్సెల్ తగ్గాలంటే ప్రతి అడ్డు వరుసలోంచీ ఒక పిక్సెల్ పోవాలి. ఆ పోయే పిక్సెళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని పైనుంచి కిందికి తెగని వంకర గీతలా ఉండాలి. అలాంటి గీతల్లో ఎనర్జీల మొత్తం అతి తక్కువగా ఉన్నదాన్ని వెతికి పట్టుకుని తీసేయాలి. వెడల్పు వంద పిక్సెళ్లు తగ్గాలంటే ఇదే పని వందసార్లు చేయాలి. పెంచాలంటే అలాంటి గీతల పక్కనే వాటిని పోలిన పిక్సెళ్లను చేర్చాలి.

ఆ వెతుకులాట ఎలా సాగుతుందో చిన్న బొమ్మ మీద చేసి చూద్దాం. మూడు అడ్డు వరుసలు, వరుసకు నాలుగు పిక్సెళ్లు. మొదటి వరుస ఎనర్జీలు 3, 1, 4, 6. రెండోది 5, 2, 1, 7. మూడోది 4, 6, 2, 1. నిలువుగా తిన్నగా కోయాలంటే నాలుగు నిలువుల మొత్తాలు 12, 9, 7, 14. అన్నిటికంటే చౌక మూడోది, ఖర్చు 7. ఇప్పుడు వంకరగా పోవడానికి అనుమతిద్దాం. రెండో వరుసలోని ప్రతి పిక్సెల్ తన పైనున్న మూడిట్లో (అంచున ఉంటే రెండిట్లో) చిన్నదాన్ని ఎంచుకుని తన అంకెకు కలుపుకుంటుంది. అప్పుడా వరుస 6, 3, 2, 11గా మారుతుంది. మూడో వరుస కూడా అలాగే చేస్తే 7, 8, 4, 3 వస్తాయి. చివరి వరుసలో చిన్న అంకె 3, నాలుగో గడిలో ఉంది. అక్కణ్నుంచి వచ్చిన దారినే వెనక్కి వెళ్తే మూడో గడి, దానిపైన రెండో గడి తగులుతాయి. ఒకటి, ఒకటి, ఒకటి. ఏటవాలుగా సాగిన ఆ గీత ఖర్చు మూడే, తిన్నని కోతలో సగం కూడా లేదు. వెయ్యి వరుసల బొమ్మలో ఇలాంటి గీతలు ఎన్ని ఉంటాయో లెక్కగడితే వందల అంకెలున్న సంఖ్య వస్తుంది. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పోల్చడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. కానీ ప్రతి గడీ తన పై మూడు గడులను మాత్రమే అడిగితే చాలన్న ఈ పద్ధతిలో, వెయ్యి నిలువుల బొమ్మైనా పది లక్షల చిన్న కూడికలతో తేలిపోతుంది. దీన్ని డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. గణితంలో నాకు అమితంగా నచ్చే ఉపాయాల్లో ఇదొకటి.

ఉపాయం ఎంత గొప్పదైనా, అది కొలిచేది పిక్సెళ్ల తేడాను మాత్రమే, అర్థాన్ని కాదు. మనిషి ముఖంలో బుగ్గలు, నుదురు నున్నగా ఉంటాయి. ఎనర్జీ లెక్కలో అవి ఆకాశంతో సమానం. వెనకాల ఆకులు దట్టంగా ఉన్న చెట్టుంటే ప్రోగ్రాము ఆ చెట్టును అపురూపంగా దాచి, బుగ్గల్లోంచి గీతలు తీసేస్తుంది. చార్మినార్ ఫోటో తీసుకోండి. ఆ కట్టడం పక్క ఒక్కొక్కటి సుమారు 20 మీటర్లు, మినార్లు నేలనుంచి సుమారు 56 మీటర్లు. ఆ పొందికే చార్మినార్. రెండు మినార్ల మధ్య ఆకాశం చౌకగా దొరుకుతుంది కాబట్టి గీతలు అక్కడ పైనుంచి దిగుతాయి. కానీ గీత తెగకూడదు, కింది అంచుదాకా పోయి తీరాలి. దిగేదారిలో అది కమానును దాటాలి. ఇలాంటి గీతలు పదులకొద్దీ పోయాక మినార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి గానీ ఒకదానికొకటి దగ్గరపడతాయి, కమాను వంపు విరిగినట్టవుతుంది. హైదరాబాదు ఎరగనివాళ్లు ఆ ఫోటో చూస్తే అనుమానించరు. నా అభ్యంతరం అక్కడే ఉంది. అంచులు కోస్తే మినారు సగానికి తెగి కనబడుతుంది, కోత పడిందని చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఇక్కడ కోత బొమ్మ నడుమ పడింది, మచ్చ లేకుండా మానింది. ఇటువంటి లోపాలు తగ్గించడానికి ముఖాలను ముట్టుకోవద్దని ముందే గుర్తుపెట్టే వీలు కల్పించారు. గీత తీసేశాక దగ్గరకు చేరే పిక్సెళ్లు ఒకదానికొకటి పొసుగుతాయో లేదో కూడా లెక్కలోకి తీసుకున్నారు. బొమ్మలు మెరుగయ్యాయి. నడుమ కోసిన భాగం మాత్రం తిరిగి రాదు.

వీడియోలో ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. ఫ్రేము ఫ్రేముకూ విడిగా గీతలు వెతికితే ఒక ఫ్రేములో గోడమీద తీసిన గీత తర్వాతి ఫ్రేములో తలుపుమీదకు గెంతుతుంది. దాంతో బొమ్మంతా వణుకుతుంది. 2008లో మైకేల్ రూబిన్‌స్టైన్, షమీర్, అవిదాన్ కలిసి దీనికి పరిష్కారం చూపారు. ఫ్రేములన్నిటినీ ఒకదాని వెనక ఒకటి పేర్చి ఒక దిమ్మెగా ఊహించుకుని, గీత బదులు ఆ దిమ్మె మొత్తాన్నీ చీల్చుకుంటూ పోయే వంకర తలాన్ని వెతికారు. గణితపరంగా అది పనిచేస్తుంది. అయితే కెమెరా ఎడమనుంచి కుడికి తిరుగుతున్న దృశ్యాన్ని ఊహించండి. దృశ్యంలోని ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు తెరలోని ప్రతి చోటినీ దాటిపోతుంది. అంటే ఎప్పటికీ ఖాళీగా ఉండే చోటంటూ మిగలదు. తలం ఎటు వంగినా ఎవరో ఒకరి మీదుగా పోవాల్సిందే. ప్రోగ్రాము నైపుణ్యంతో దీనికి సంబంధం లేదు, కోయడానికి పనికిరాని భాగమే ఆ దృశ్యంలో లేదు.

చూసేవాళ్లు ఏమంటారన్నది కూడా ఊహకు వదిలేయనక్కర్లేదు. 2010లో రూబిన్‌స్టైన్, గుటియెరెజ్, సోర్కిన్, షమీర్ కలిసి ఎనిమిది పద్ధతులను పక్కపక్కన పెట్టి ఏది బాగుందో జనాన్ని అడిగారు. సీమ్ కార్వింగ్ సృష్టికర్తల్లో ఒకరు ఆ అధ్యయనంలో ఉన్నారని గమనించండి. తమ పద్ధతికి అనుకూలంగా తేలాలని వాళ్లు చూసుకోలేదు. మనిషి దగ్గరుండి ఆలోచించి చేసిన మామూలు కత్తిరింపు అగ్రశ్రేణిలో నిలిచింది. ఉత్త సాగదీత, ఒంటరి సీమ్ కార్వింగ్ కింది వరుసల్లో ఆగిపోయాయి. అనేక పద్ధతులను కొద్దికొద్దిగా కలిపి వాడినవి మెరుగ్గా నిలబడ్డాయి. కొంత పోగొట్టుకోవడానికి చూసేవాళ్లు ఒప్పుకుంటారు గానీ, మిగిలినదాని ఆకారం చెడటానికి అంత తేలిగ్గా ఒప్పుకోరని దీన్నుంచి గ్రహించవచ్చు.

అలాగైతే కత్తెరే మేలు కదా, ఈ గొడవంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పై అధ్యయనంలో కత్తెర పట్టింది మనిషి, ఒక్కో బొమ్మనూ చూసి మరీ కోశాడు. వందల గంటల వీడియోకు గుండుగుత్తగా కోత పెడితే ఏమవుతుందో 2019 నవంబరులో డిస్నీ ప్లస్ చూపించింది. ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహిక పాత భాగాలను 4:3 నుంచి 16:9కి పైనా కిందా కోసి అందించింది. 1993 నాటి ఒక భాగంలో బీరు కర్మాగారం దృశ్యం ఉంది. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పేర్లతో మూడు పెద్ద తొట్లు. వాటి పైన కనబడే గొట్టం ఒక్కటే, మూడింటిలోకీ అదే బీరు పోస్తుంది. హాస్యమంతా ఆ గొట్టంలో ఉంది. ఎత్తులో పాతిక శాతం కోసేసరికి గొట్టం పోయింది, మూడు తొట్లు మాత్రం మిగిలాయి. ప్రేక్షకులు గగ్గోలు పెట్టాక 2020 మే నెలలో అసలు కొలతను కూడా అందుబాటులోకి తెచ్చారు. కోతను సమర్థించడం నా ఉద్దేశం కాదు. కోత పడ్డప్పుడు పోల్చి చూసి అడగడానికి ఆధారం ఉంటుందన్నదే నేను చెప్పేది.

ఇక ఎవరికీ నచ్చని నల్లపట్టీలకు వద్దాం. నేను వాటి పక్షం. తెరను వృథా చేస్తాయనీ, బొమ్మను చిన్నది చేస్తాయనీ, అవి సాంకేతిక లోపమనీ చాలామంది అభిప్రాయం. లోపమన్న మాట చరిత్రకు సరిపోదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న 16:9 ఆకారం పట్టీలను ముందే లెక్కలోకి తీసుకుని పుట్టింది. 1980లలో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు రాబోయే హైడెఫినిషన్ టీవీ ఆకారం కోసం ఆలోచిస్తూ, అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నిటికీ సమాన వైశాల్యం ఉండేలా దీర్ఘచతురస్రాలు గీసి ఒకదానిమీద ఒకటి కేంద్రాలు కలిసేలా పెట్టాడు. అన్నిటినీ చుట్టివచ్చే బయటి చట్రానికీ, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగానికీ నిష్పత్తి ఒక్కటే అయింది, దాదాపు 1.77. అది యాదృచ్ఛికం కాదు. 4:3నీ, 2.35నీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది ఆ అంకే. దాని ఫలితం చూడండి. 16:9 తెరమీద పాత 4:3 బొమ్మను అటూ ఇటూ పట్టీలతో చూపిస్తే తెరలో 75 శాతం నిండుతుంది. స్కోప్ సినిమాను పైనా కిందా పట్టీలతో చూపిస్తే 75.7 శాతం నిండుతుంది. ఎవరికీ పూర్తిగా అనుకూలంగా లేకుండా, ఎవరికీ అన్యాయం జరగకుండా తూచి తెచ్చిన ఆకారం అది. పట్టీలు ఆ ఒప్పందంలో భాగం. వాటివల్ల బొమ్మలో ఒక్క పిక్సెల్ పోదు, ఒక్క ముఖం మారదు, ఎక్కడ బొమ్మ ముగిసిందో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఫోన్లో కథ వేరనే అభ్యంతరం మాత్రం బరువైనదే. నిలువుగా పట్టుకున్న 9:16 తెరమీద 16:9 వీడియో పెడితే తెరలో 32 శాతమే నిండుతుంది. స్కోప్ సినిమా అయితే 24 శాతం కూడా నిండదు. అరచేతిలో ఉన్న తెరలో మూడు వంతులు నల్లగా వదిలేయమనడం బస్సులో కూర్చుని చూసేవాడికి చెప్పదగ్గ సలహా కాదని ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఒక మార్గం చేతిలోనే ఉంది, ఫోనును అడ్డంగా తిప్పవచ్చు. నిలువుగానే చూడాల్సిన వీడియో అయితే దాన్ని నిలువు కోసమే కూర్చి తీయడం మేలు. అదే వీడియోను మసకబార్చి, పెద్దది చేసి, పట్టీల స్థానంలో వెనకాల పరిచే పద్ధతి వార్తా ఛానళ్లలో బాగా కనిపిస్తుంది. అది కంటిని కొంచెం అటూ ఇటూ లాగుతుంది. అయినా అసలు బొమ్మ ఎక్కడుందో దాచదు కాబట్టి దానితో నాకు పెద్ద పేచీ లేదు.

పేచీ ఉన్నది కొత్తగా వచ్చిన దారితో. 2022 ఆగస్టు చివర ఓపెన్‌ఏఐ సంస్థ డాల్-ఈలోనూ, 2023లో అడోబీ సంస్థ ఫోటోషాప్‌లోనూ, బొమ్మ అంచుల బయట ఏముండవచ్చో ఊహించి గీసే సదుపాయాన్ని తెచ్చాయి. కోట్లాది బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాము, ఇలాంటి గోడ పక్కన సాధారణంగా కిటికీ ఉంటుంది, ఇలాంటి ఇసుక పక్కన సాధారణంగా అల ఉంటుంది అన్న లెక్కతో ఖాళీని నింపుతుంది. ఆ రోజు ఆ గోడ పక్కన ఏముందో దానికి తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. అంచు కోయలేదు, ఆకారం చెడలేదు, పట్టీ లేదు. కత్తిరించకుండా మార్చడమనే హామీ ఇక్కడ నూటికి నూరు పాళ్లూ నెరవేరింది. అలాగని నష్టం లేదనుకోకూడదు. ఉన్నదానికీ కల్పించినదానికీ మధ్య గీత చెరిగిపోయింది. పెళ్లి ఫోటోకు రెండు పక్కలా ఇంకాస్త పందిరి చేరిస్తే నష్టమేమిటి అంటారు. ఆ ఫోటో గోడకు వేలాడినంతకాలం ఏ నష్టమూ లేదు. అదే పని ఒక ఊరేగింపు ఫోటోకు చేస్తే జనం ఎంతమంది వచ్చారన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. ప్రమాదం జరిగిన కూడలి ఫోటోకు చేస్తే సిగ్నల్ స్తంభం ఎక్కడుందన్నదే మారిపోతుంది. ప్రోగ్రాముకు ఈ మూడు బొమ్మల మధ్య తేడా తెలియదు.

సినిమావాళ్లు ఇంకో వాదం తెస్తారు. చట్రం దేవుడిచ్చినదేమీ కాదు, దర్శకులే దాన్ని రకరకాలుగా మార్చారు అంటారు. నిజమే. ఎన్నో సినిమాలను నెగటివ్‌పై ఎక్కువ ఎత్తుతో తీసి, థియేటర్‌లో పైనా కిందా మూసి చూపించారు. 1997 నాటి ‘టైటానిక్’ సూపర్ 35 అనే ఇలాంటి పద్ధతిలో తీసిన చిత్రం. టీవీ కోసం 4:3గా ఇచ్చినప్పుడు చాలా షాట్లలో థియేటర్‌లో లేని పైభాగం, కిందిభాగం కనిపించాయి. కోయకుండా ఆకారం మార్చిన అసలైన ఉదాహరణ ఇదే. కానీ అక్కడ కొత్తగా కనబడిన ప్రతి అంగుళం మీదా షూటింగు రోజున నిజంగా వెలుతురు పడింది, కటకం దాన్ని చూసింది, ఫిల్ము దాన్ని పట్టుకుంది. చూపించని భాగాన్ని చూపించడం ఒకటి, లేని భాగాన్ని పుట్టించడం వేరొకటి. 2025 ఆగస్టులో లాస్‌వేగాస్‌లోని స్ఫియర్ అనే మహా గోళాకార థియేటర్‌లో 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’ను ప్రదర్శించడానికి గూగుల్ సహాయంతో చేసింది ఈ రెండో రకం పని. లక్షా అరవై వేల చదరపు అడుగుల తెరను నింపడానికి గదులను పొడిగించారు, పొలాలను పొడిగించారు, చట్రం బయటికి పోయిన పాత్రల శరీరాలను, కదలికలను కూడా గీయించారు. అది కొత్త ప్రదర్శన అని పేరు పెట్టి, టికెట్ పెట్టి చూపించారు కాబట్టి ప్రేక్షకుడు తెలిసే వెళ్లాడు. అలా తెలిసి చూసినంతవరకు దాన్ని తప్పు పట్టను. అదే బొమ్మ ఏ వివరణా లేకుండా రేపు ఫోన్లోకి వచ్చి చేరితే, పాత సినిమా ఇలాగే ఉండేదని ఒక తరం నమ్ముతుంది.

చెప్పడం పెద్ద కష్టమైన పనేమీ కాదు. డిజిటల్ టీవీ ప్రసారాల్లో, వచ్చే ఫ్రేములో నిజమైన బొమ్మ ఎంత, పట్టీ ఎంత అని టీవీకి తెలిపే సంకేతం ఒకటుంది. దానికి పట్టే చోటు నాలుగు బిట్లు. అంచులు పొడిగించిన బొమ్మకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. అసలు బొమ్మ ఎడమనుంచి ఎంత దూరంలో మొదలైంది, పైనుంచి ఎంత దూరంలో మొదలైంది, దాని వెడల్పెంత, ఎత్తెంత అన్న నాలుగు అంకెలు. ఒక్కో అంకెకు నాలుగు బైట్లు వేసుకున్నా పదహారు బైట్లతో సరిపోతుంది. ఇవి ఫైలులో ఉంటే, ఒక్క బటన్ నొక్కి కల్పించిన భాగాన్ని తీసేసి కెమెరా చూసినంతవరకే చూడవచ్చు. మధ్యలోని బొమ్మను ప్రోగ్రాము ముట్టుకోకుండా ఉంటే, విప్పడానికి వీలులేదనుకున్న మార్పు కాస్తా విప్పగలిగేదవుతుంది. బొమ్మమీద ఎవరు ఏ మార్పు చేశారో ఫైలుతోపాటే నమోదు చేసే సీటూపీఏ అనే ఏర్పాటును 2021లో అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటి సంస్థలు కలిసి మొదలుపెట్టాయి కూడా. స్క్రీన్‌షాట్ తీస్తే ఆ గుర్తులన్నీ రాలిపోతాయి కదా అన్నది దీనిమీద వచ్చే గట్టి అభ్యంతరం. రాలిపోతాయి, వాట్సాప్‌లో చేతులు మారే ఫోటోల విషయంలో ఈ నాలుగు అంకెలు పెద్దగా కాపాడలేవు. కానీ సినిమా నిలవచేసే సంస్థలు, టీవీ ఛానళ్లు, ఓటీటీలు, పత్రికలు అందించే ఫైళ్లు వాళ్ల చేతులమీదుగానే బయటికి వస్తాయి, వాటికి స్క్రీన్‌షాట్ అడ్డంకి లేదు. రంగులద్దుకుని, వెడల్పు పెంచుకుని మళ్లీ విడుదలయ్యే పాత తెలుగు సినిమాలతో మొదలుపెట్టినా, ఒక్కో ఫైలుకు అయ్యే అదనపు ఖర్చు ఆ పదహారు బైట్లే.